కొమురవ్వ పటాల ఇల్లు

మన తాతలకు వాళ్ళ తాతలు చెప్పిన మాట ఇది. అనగా అనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో కొమురవ్వ అని ఒక ముసలామె ఉండేది. సున్నపురాయి కాల్చేది, గంపకెత్తేది, వాడవాడా తిరిగి అమ్మేది. దిబ్బ మీద ఆమెకు మూడు అర్రల ఇల్లు. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఆ ఊళ్ళోనే పటాలు గీసేవాళ్ళు ఉండేవారు. పొడుగాటి బట్టల మీద వాళ్ళు దేవుళ్ళ కథలు గీస్తే, కథలు చెప్పేవాళ్ళు వాటిని ఊరూరా విప్పి చూపేవారు. పటం పాతబడితే ఏట్లో వదలడం ఆచారం.

ఒకనాడు బాలనర్సు అనే పటాలాయన, చనిపోయిన తండ్రి గీసిన పటాన్ని ఏటికి తీసుకుపోతున్నాడు. కొమురవ్వ ఎదురొచ్చింది.

"ఇంత మంచి బొమ్మలు నీళ్ళల్ల ఎందుకేస్తవు బిడ్డా? నాకియ్యి."

"పాత పటం ఇంట్ల ఉంచొద్దవ్వా. అందులున్న దేవుళ్ళు ఆకలి మీదుంటరు."

"ఉంటే ఉండనియ్యి. నేను తాగే గంజే వాళ్ళకూ పోస్త."

బాలనర్సు ఇచ్చాడు. ఇది విని మిగతావాళ్ళూ తెచ్చారు. "ఇంకొకటి పడతది, తే" అనేది కొమురవ్వ. సున్నం అర్ర నిండింది. సున్నం బయట పోసుకుంది. "ఇంకొకటి పడతది, తే." వంట అర్ర నిండింది. పొయ్యి చెట్టు కిందికి మార్చింది. "ఇంకొకటి పడతది, తే." పడుకునే అర్ర కూడా నిండింది. అరుగు మీద చాప పరుచుకుంది. ఏటేటా తన మంచి సున్నం ఆ గోడలకే వేసింది. చూస్తామన్న వాళ్ళందరినీ లోపలికి పిలిచింది. ముసల్దానికి పిచ్చి పట్టిందని ఊరు నవ్వింది.

ఒక ఏడు మూడు రోజులు ఆగకుండా వాన కొట్టింది. ఏరు పొంగి పటాల వాడను ఊడ్చుకుపోయింది. మనుషులు బతికారు. పటాలు పోయాయి, రంగులు పోయాయి, గీతల నమూనాలు పోయాయి. ఏ కథలో ఏ బొమ్మ ఎక్కడ రావాలో ఎవరికీ పూర్తిగా గుర్తు లేదు.

నాలుగో రోజు బాలనర్సు దిబ్బ ఎక్కాడు. కొమురవ్వ అరుగు మీద తడిసి ముద్దయి కూర్చుంది. అరుగుకు కప్పు లేదు. దాని తాటాకులన్నీ పీకి, లోపల కురిసే చోటల్లా కప్పింది.

"అవ్వా, మా నాయిన పటం ఉన్నదా?"

"ఉన్నది. కాళ్ళు తుడుచుకొని పో."

పటం విప్పాడు. చుక్క తడి లేదు. తండ్రి దిద్దిన కళ్ళు ఎట్లున్నవో అట్లే ఉన్నాయి. పటాన్ని మళ్ళీ జాగ్రత్తగా చుట్టి పెట్టాడు. తర్వాత బయటికొచ్చి, "ఇవి చూసి మళ్ళ గీసుకుంటం అవ్వా" అన్నాడు.

"గీసుకోన్రి. ఈడనే కూసొని గీయిన్రి. నలుగురు చూస్తరు."

అప్పటికే ఆమెకు జ్వరం. మూడు రోజులకు కన్నుమూసింది.

ఆ ఊళ్ళో ఇప్పటికీ కొత్త పటం గీస్తే, ముందు మూడు రోజులు ఆ ఇంట్లో వేలాడదీస్తారు. ఆ తర్వాతే కథలవాళ్ళ చేతికి ఇస్తారు. ఎవరైనా పోయి చూడొచ్చు. చూసినవాళ్ళు గడప దాటుతూ, "చూసినం, కొమురవ్వా" అని చెప్పి పోతారు. ఆమె ఎవరో తెలియని పిల్లలు కూడా చెప్పే పోతారు.