పేరంటాలు తెరవని గొయ్యి

అనగనగా, ఏటిమీద వంతెన కట్టొచ్చని ఇంకా ఎవరికీ తోచని రోజుల్లో, సముద్రానికి దగ్గరగా ఓ చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యం మధ్యనుంచి ఏరు పారేది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పెద్ద మోకు కట్టి, దాన్ని చేతులతో లాగుతూ, జనాన్ని దాటించే పంటు అనే బల్లకట్టు నడిపేవారు. అవతలి లంకలోని నూరు గడపలకీ ఆ మోకే దారి.

మోకు పేనేది గవర్రాజు, అతని భార్య పేరంటాలు. కొబ్బరి డొక్కల్ని కాలవ పక్క గోతిలో పది నెలలు నానబెట్టి, బాది, పీచు తీసేవారు. ఆమె రాట్నం తిప్పేది. అతను ఒడినిండా పీచు పెట్టుకుని, పోగు వదులుతూ వెనక్కి వెనక్కి నడిచేవాడు.

"పెళ్లాం మొహం చూస్తూ చూస్తూ దూరమైపోవడం! ఎంత పాడు పనే ఇది!" అనేవాడు.

ఆమె నవ్వుతూ రాట్నం ఇంకాస్త జోరుగా తిప్పేది.

"నా చేతిలో కండ చూడు. ఇదీ పోగులేనే. ఒంటిపోగు ఏం లాగుతుంది? అన్నీ కలిస్తేనే బరువు మోసేది" అని కూడా అనేవాడు. ఎంత మంచి రోజులవి!

ఒక వేసవిలో గవర్రాజు గొయ్యి నిండా డొక్కలు వేసి, బురద కప్పి, గుర్తుగా సరుగుడు కర్ర పాతాడు. ఆ వానాకాలమే జ్వరమొచ్చి పోయాడు. అతని చేతులు చివరగా సర్దినవి ఆ డొక్కలే. అందుకని పేరంటాలు గొయ్యి తెరవలేదు, అందులో డొక్కలున్నాయని ఎవరికీ చెప్పలేదు. రోజూ సాయంత్రం కర్ర పక్కన కూర్చుని, ఆ పాత మాటలే తలుచుకునేది. అలా రెండేళ్లు గడిచాయి.

ఒకనాడు పాత మోకు పుటుక్కున తెగింది. పంటు నడిపే పోలయ్య పరుగున వచ్చాడు.

"అత్తా, పీచేమైనా ఉందా?"

"లేదు నాయనా" అంది పేరంటాలు. అబద్ధమాడి, గొయ్యి వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

రాజుగారు మంచివారే గానీ, మెరిసేదంటే మహా మోజు. పట్టుకి వెండి జరీ చుట్టించి మోకు పేనించారు. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. తడవగానే ముడి జారిపోయింది.

పోలయ్య మళ్లీ వచ్చాడు. "నాలుగు డొక్కలైనా లేవా అత్తా?"

"లేవన్నానా!" అని కసిరింది పేరంటాలు.

రాజుగారు ఈసారి మందలకి మందల గొర్రెల బొచ్చు తీయించారు. ఉన్ని మోకు నీళ్లు తాగి, బరువెక్కి, సాగి సాగి ఏటి అడుక్కి చేరింది. బోడి గొర్రెలు ఒడ్డున నిలబడి చూశాయి.

మూడోసారి రాజుగారే వచ్చారు. తలపాగా చేతిలో ఉంది.

"అమ్మా, నాలుగు రోజుల్లో వరద వస్తుందంటున్నారు. లంకలో పసిపిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు. ఈ వడిలో వాళ్లని చిన్న పడవలెక్కించలేం. డొక్కలు కొత్తగా నానబెడితే పది నెలలు. నాకేం తోచడం లేదమ్మా."

పేరంటాలు లేచి సరుగుడు కర్ర దగ్గరికి నడిచింది.

"మహారాజా, రెండుసార్లు అబద్ధం చెప్పాను. ఈ గోతి నిండా ఉంది. మావారు వేసింది. నేనే తీస్తాను."

కర్ర పీకి, బురద తోడింది. పై వరస డొక్కలు చేతిలోనే నల్లగా చిదికిపోయాయి. "అయ్యో! దాచుకున్నాననుకున్నానే, కుళ్లబెట్టుకున్నానా!" అని గొల్లుమంది. ఇంకో వానాకాలం ఆగితే అంతా బురదే. ఏడుస్తూనే లోపలికి తోడింది. అడుగున పీచు బంగారు రంగులో, గట్టిగా ఉంది.

ఊరంతా డొక్కలు బాదింది. పేరంటాలు రాట్నం ముందు కూర్చుంది. పోలయ్య ఒడిలో పీచు పెట్టుకున్నాడు.

"మొహం నా వైపే ఉంచు నాయనా. అడుగు వెనక్కే పడాలి" అని చెప్పింది. రాట్నం జోరుగా తిప్పసాగింది.

మూడో రోజు పొద్దున్నే కొత్త మోకు ఏటికి అడ్డంగా నిలిచింది. వరద వచ్చేలోగా నూరు గడపల వాళ్లూ క్షేమంగా ఇవతలికి చేరారు.

అందరూ దిగాక పేరంటాలు పంటు ఎక్కి మోకు పట్టుకుంది. పీచు అరచేతికి గరుగ్గా తగిలింది. గవర్రాజు అరచెయ్యి అచ్చం అలాగే ఉండేది.

అయినవాళ్లు మిగిల్చిపోయినదాన్ని పాతిపెట్టుకుంటే మట్టిలో కలుస్తుంది, పదిమందికి పనికొస్తే చేతికందేలా నిలుస్తుంది.