మట్టి తలుపు వెనక పురుడు

అనగనగనగా ఒక కొండ, కొండ కింద ఊరు, ఆ ఊరికి ఉద్దండవర్మ అని ఒక రాజు. కొండమీద అడవి ఎలాంటిదనుకున్నారు? పైన పడ్డ చినుకు ఆకు మీంచి ఆకుకి, కొమ్మ మీంచి కొమ్మకి జారి జారి నేలను తాకేసరికి ఇక్కడ ఎసట్లో బియ్యం ఉడికిపోయేవి. అంత దట్టం!

రాజుగారి చిన్నకోడలు సోమిలి ఆ కొండమీది పిల్లే.

ఒకనాడు రాజుగారికి బుద్ధి పుట్టింది. వెయ్యి స్తంభాల మండపం కట్టిస్తాను, కొండమీది పెద్ద మానులన్నీ కొట్టుకు రండి అన్నాడు. దేవుడికా? కాదు తల్లీ, తన సింహాసనానికి. దేవుడికైతే కొంత పాపమన్నా తగ్గేదేమో.

సోమిలి మామగారి ముందు తల వంచుకుని, మా కొండమీద ఒక ఆచారముంది, చెట్టు కొట్టేముందు ఇంటి ఆడది వెళ్ళి మానుని తట్టి, చెవి ఆనించి, లోపల ఎవరన్నా ఉన్నారా అని అడుగుతుంది, అలికిడైతే ఆ మాను జోలికి పోరు, అని చెప్పుకుంది.

"చెట్టుకి తలుపేమిటమ్మాయ్! గడియ కూడా ఉంటుందా?" అని రాజు పకపకా నవ్వాడు. రాజు నవ్వాడని మంత్రి నవ్వాడు, మంత్రి నవ్వాడని బంటు నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా గుమ్మంలో పిల్లి మీసాలాడించింది. ఊ కొడుతున్నారా? మరి గట్టిగా కొట్టండి.

గొడ్డళ్ళు కొండెక్కాయి. మాను కూలినప్పుడల్లా ఊళ్ళో అటక మీది చెంబులు అదిరేవి. అలా కొట్టుకుంటూ కొట్టుకుంటూ అన్నిటికన్నా పెద్ద మాను మీద వేటు వేశారో లేదో, లోపల్నుంచి టక్... టక్... టక్!

"బాబోయ్, దెయ్యం!" అని గొడ్డళ్ళు పారేసి, పంచెలు ఊడుతున్నా చూసుకోకుండా పరుగో పరుగు. భూతవైద్యుడొచ్చాడు. నిమ్మకాయ కోసి వాసన చూసి, ఈ దెయ్యం కొండంతా పాకింది, కొండ మొత్తం తగలబెట్టాల్సిందే అన్నాడు. రాజు సరేనన్నాడు!

పుట్టిల్లు తగలబెడతామంటే ఏ ఆడపిల్ల ఊరుకుంటుంది? సోమిలి అడ్డం నిలబడింది. మామగారూ, దెయ్యాన్ని మీకు చూపిస్తాను, చూశాక మీ చేత్తో మీరే నిప్పు పెట్టండి అంది.

రాజుకి పౌరుషం వచ్చింది. టక్కుమన్న ఆ పెద్ద మానుకి నిచ్చెన వేయించుకుని తానే ఎక్కాడు. పైన తొర్ర. దాన్ని ఎవరో మట్టితో అలికి మూసేశారు, మధ్యలో సన్నని చీలిక. కన్ను ఆనించబోయాడో లేదో, చీలికలోంచి ఇంత పొడుగు ముక్కు! రాజు కెవ్వుమని నిచ్చెనతో సహా జారాడు.

సోమిలి ఆయన్ని పొద చాటుకి లాక్కెళ్ళింది. అంతలో ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టుకున్నట్టుండే పెద్ద మగపిట్ట వచ్చి వాలింది. గొంతులోంచి ఒక్కొక్క జువ్విపండూ తీసి చీలికలోకి అందించింది.

"లోపల తల్లి ఉంది మామగారూ. తనంతట తనే తలుపు అలుక్కుని గుడ్లు పెట్టింది. ఈకలు రాల్చుకుంది, ఎగరలేదు. మొగుడు తెచ్చిందే తిండి. మీ అమ్మాయి, మా వదినగారు, పురిటిగదిలో ఉన్నారు కదా, ఆ గుమ్మం మీద గొడ్డలి వేస్తామా?"

రాజు మెల్లగా వెనక్కి తిరిగి, కూల్చిన మానుల వైపు చూశాడు. సోమిలీ అటే చూసింది.

పడిపోయిన మాను మీద ఇంకో మగపిట్ట. దాని గూటి తలుపు నేలవైపుకి పడింది. ముక్కున పండు పట్టుకుని ఈ చివరికి నడుస్తుంది, ఆ చివరికి నడుస్తుంది. ఎవరికివ్వాలో తెలియదు. ఎప్పట్నుంచి తిరుగుతోందో, పండు వడిలిపోయింది. నారాయణ, నారాయణ!

రాజు కిరీటం తీసి గడ్డిలో పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని మానుకి చెవి ఆనించి తట్టాడు. చప్పుడు లేదు. మళ్ళీ తట్టాడు. చప్పుడు లేదు. మంత్రి ఊపిరి బిగబట్టాడు, బంటు ఊపిరి బిగబట్టాడు, అడవే ఊపిరి బిగబట్టింది. అప్పుడు, లోపలెక్కడో... టక్.

తాళ్ళు వేసి, ఉయ్యాల్లో పిల్లను తిప్పినట్టు, మానుని మెల్లగా పక్కకి దొర్లించారు. మట్టి తలుపు వెలుగులోకి వచ్చింది. పిట్ట పరుగున వచ్చి పండు అందించింది.

పాములు రాకుండా దానికి కాపలా ఎవరనుకున్నారు? రాజే! అక్కడే కూర్చుని కొండ సంగతంతా సోమిలి చేత చెప్పించుకున్నాడు. పిట్ట తింటే గింజ దూరం పోతుంది, గింజ పోతే మొక్క, మొక్క ఎదిగితే మాను, మానుంటే మబ్బు, మబ్బుంటే వాన, వానుంటే మన కంచంలో మెతుకు. అది విన్న రాజు, ఇకనుంచి ఏడాదికి కొండకి ఒక్క వాలులోనే, అదీ తట్టి అడిగాకే, కొన్నే కొట్టాలన్నాడు. పిట్టలు తినే పండ్ల చెట్టు ముట్టుకోకూడదన్నాడు. కొట్టినచోట మళ్ళీ మొక్క నాటి, అది మానయ్యేదాకా ఆ వాలు వైపు గొడ్డలి చూడకూడదన్నాడు. భూతవైద్యుడి చేతికి పలుగిచ్చి, బోడి వాలంతా గుంతలు తవ్వించాడు. మండపం నాలుగు స్తంభాల దగ్గరే ఆగిపోయింది.

కొన్నాళ్ళకి తల్లిపిట్ట తలుపు పగలగొట్టుకుని కొత్త ఈకలతో బయటికొచ్చింది. వెనకే పిల్ల, తూలుకుంటూ ఎగిరింది. రాజూ కోడలూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

గుమ్మం కనబడలేదని ఇల్లు కాదనుకోకూడదు నాన్నా. కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.