దుప్పి రెండో ఎత్తు

కొండ కింద ఏటి ఒడ్డున పరుపుబండ మీద గళ్లు గీసి, చిరుత చదరంగం పరిచింది. అమావాస్య అమావాస్యకీ పొద్దున్నే ఆట. తెల్లపావులు ఎప్పుడూ చిరుతవే, మొదటి ఎత్తూ దానిదే. నల్లపావులు మిగతా అడవివి. నల్ల గెలిస్తే చిరుత ఈ కొండ వదిలి పోవాలి. డ్రా అయితే మళ్లీ అమావాస్య దాకా అవతలి కొండల్లో వేటాడుకోవాలి. నల్ల ఓడితే, చిరుత కోరినవాళ్లు దానికి ఆహారం. ఇదేం న్యాయమని నన్నడక్కండి. గోళ్లున్నవాళ్లు రాసుకున్న ఒప్పందం.

మూడేళ్లుగా నల్లపావులు ఆడేది ముసలి దుప్పి. మూడేళ్లూ డ్రాలే. బంట్లని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టేది, రాజుని కోటలో పెట్టేది, ఇక ఎటు నుంచి తోసినా కదిలేది కాదు. ఎత్తుకీ ఎత్తుకీ మధ్య నెమరు వేసేది. చూడ్డానికి వచ్చినవాళ్లు మొదటి ఎత్తు పడగానే కునుకు తీసేవాళ్లు. ఎలుగు అయితే గురకే. మూడేళ్లలో ఒక్క ప్రాణం పోలేదన్న సంగతి ఎవరికీ గుర్తే లేదు.

చిరుత వదిలిన ఎముకలతో బతికే నక్క మాత్రం అవతలి కొండల దాకా నడవలేక ఎండిపోయింది. అది ఒకరోజు కొండముచ్చు పక్కన చేరింది.

“అల్లుడూ, ఎత్తు వేస్తే ఎదుటివాడికి చెమట పట్టాలి. ఆ ముసల్ది ఎన్నాళ్లిలా ముడుచుకు కూర్చుంటుంది?”

“పెద్దమ్మ ఆట గట్టిది మామా.”

“గట్టిదే. గెలుపేదీ? నువ్వొక్కసారి గెలిచావంటే చిరుత పీడ విరగడైపోతుంది. నీ పిల్లలు నేల మీద ఆడుకుంటారు.”

కొండముచ్చు ఛాతీ పొంగింది. పది రోజుల్లో అడవంతా అదే మాట. పంచాయితీ పెట్టారు.

“పదునైన ఆట తప్పనను,” అంది దుప్పి. “గెలిచి తీరాల్సిన రోజున అదే ఆడాలి. మనకి డ్రా చాలు కదా నాయనా? పందెం కాసేది ప్రాణాలు.”

“భయపడుతూ బతకడమూ ఒక బతుకేనా పెద్దమ్మా?”

“బతుకే. చచ్చినవాళ్లని అడిగి చూడు.”

“ఈసారికి కొండముచ్చుని ఆడనియ్యండి. చూడ్డానికన్నా బాగుంటుంది,” అంది అడవిపంది. అందరూ సరేనన్నారు.

అమావాస్య వచ్చింది. చిరుత రాజు ముందు బంటుని రెండు గళ్లు జరిపింది. కొండముచ్చు మూడో ఎత్తుకే బంటుని ఎర వేసింది. ఎనిమిదో ఎత్తుకి గుర్రాన్ని బలిచ్చి తెల్లరాజుని బయటికి లాగింది. ఆ రోజు ఎవరూ కునుకు తియ్యలేదు. “చెక్!” అన్నప్పుడల్లా చెట్లు దద్దరిల్లేలా కేకలు. తన రాజుని కోటలో పెట్టుకునే తీరిక మాత్రం దానికి దొరకలేదు. చిరుత నింపాదిగా తన రాజుని ఓ మూలకి చేర్చుకుంది. చెక్‌లు అయిపోయాయి. అప్పుడు మంత్రిని తెచ్చి నల్లరాజు ముందు పెట్టింది.

“ఆట కట్టు.”

దాని చూపు బలిసిన అడవిపంది మీద పడింది. నక్క వచ్చి చిరుత చెవిలో ఊదింది. “దొరా, దాన్ని తింటే ఒక్క పూట. ముసల్దాన్ని తినండి, ఇక ప్రతి అమావాస్యకీ పండగే.”

చిరుత దుప్పిని కోరింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, బండ చుట్టూ ఉన్న ప్రతి ప్రాణీ హమ్మయ్య అనుకుంది. దుప్పి లేచి, కొండముచ్చు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

“ముందు కోట కట్టుకో నాయనా,” అని, బండ వెనక్కి నడిచింది.

మళ్లీ అమావాస్య. చిరుత అదే బంటుని అదే రెండు గళ్లు జరిపింది. ఈసారి దుప్పి ఆటే ఆడాలని వచ్చిన కొండముచ్చు, రాజు ముందు బంటుని ఒక్క గడి జరిపింది. చిరుత ఇంకో బంటు తోసింది. కొండముచ్చు వెనక్కి తిరిగింది.

“పెద్దమ్మ రెండో ఎత్తు ఏం వేసేది?”

ఎలుగు తల దించుకుంది. పంది తన పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. మూడేళ్లూ అందరూ నిద్రపోయారు, ఎవరికీ తెలీదు. నక్క ఒక్కటే పొద్దున్నే వచ్చి ముందు వరసలో కూర్చుంది.

నీతి: ప్రాణం కాపాడే ఆటని విసుగనుకుంటే, అది కావలసిన రోజున నేర్పేవాళ్లుండరు.