గత్తరను మూడు ప్రశ్నలడిగిన ఓదెవ్వ

ముందుగా ఊరిని కాచే ఈదమ్మ తల్లికి ఒక దండం. తర్వాత చాపల మీద సర్దుకుని కూర్చున్న మీకొక దండం. మూడో దండం ఎవరికో కథ అయ్యాక మీకే తెలుస్తుంది. నేను ఆగిన చోట మీరు "ఊ" అనాలి. అనకపోతే నేనూ ఆగిపోతాను, పాపం ఓదెవ్వ వాగులోనే నిలబడిపోతుంది.

మన తాతల తాతలకు ఇంకా బొడ్డూడని కాలంలో ఒర్రెగడ్డ అని ఒక ఊరుండేది. ఆ ఊరికి తూర్పు నుంచి వాగు వచ్చేది. ఎండాకాలం అది పైకి అంతగా కనబడదు. ఇసుకను తడుపుకుంటూ సన్నగా నడుస్తుంది. ఆడవాళ్లు ఆ ఇసుకలో గుంతలు తీసి, ఊరిన నీళ్లను చిప్పతో తోడి కడవలు నింపుకునేవాళ్లు. ఆ గుంతలనే చెలమలంటారు. ఊరంతా తాగేది ఆ చెలమ నీళ్లే.

ఊరంతా అన్నానా? తప్పు, లెంపలేసుకుంటున్నా. పడమటి బోడు మీద, అంటే రాళ్ల గుట్ట మీద, మూడు గుడిసెలున్నాయి. బుట్టలల్లుకునే వాళ్లవి. ఎక్కడి నుంచో వచ్చినవాళ్లని వాళ్లను చెలమ ముట్టనిచ్చేవారు కాదు. వాళ్లు రాతి సందున ఊరే బుగ్గ నీళ్లు తాగేవాళ్లు.

ఓదెవ్వ ఆ ఊరి బట్టలుతికే ముసలమ్మ. చెలమలకు దిగువన ఆమె రేవు. రేవు పక్కన ఆమె బాన. బానంటే తెలుసుగా పిల్లలూ? మీరు దాక్కుంటే మీ అమ్మకు కూడా దొరకనంత పెద్ద కుండ. మైలబట్టను కర్రతో ఎత్తి, చౌడు మట్టి కలిపిన నీళ్లలో ముంచి, బానలో కుతకుత ఉడికించాకే ఓదెవ్వ బండకేసి కొట్టేది. "ఉడకని బట్టను ముట్టను. కడగని చెయ్యి నోట్లో పెట్టను" అనేది. ఎవరు నేర్పారు? వాళ్లమ్మ. వాళ్లమ్మకు? వాళ్లమ్మ.

ఒక ఏడు ఎండాకాలం గత్తర వచ్చింది. వాంతులు, భేదులు. పొద్దున నాగలి పట్టినవాడు మాపటికి పాడె ఎక్కేవాడు.

గత్తర వస్తే ఆ ఊళ్లో ఒక ఆచారం. రోగుల బట్టలూ చాపలూ ఒక కొయ్యబండి మీద వేసి, పసుపు కుంకుమ చల్లి, తూర్పు పొలిమేర దాకా లాగేవాళ్లు. "నీ పుట్టింటికి నువ్వు పోవమ్మా" అని అక్కడే వాగు ఇసుకలో వదిలేసేవాళ్లు. వెనక్కి చూడకుండా రావాలి. చూస్తే గత్తర వెంట వస్తుందట. ఊరి బట్టలుతికేది తనే గనుక బండి లాగే పని ఓదెవ్వది.

మొదటిసారి లాగింది. వెనక్కి చూడలేదు. మూడు రోజులు ఊరు ఊపిరి పీల్చుకుంది. నాలుగో రోజు ఏడుగురు పడ్డారు.

రెండోసారి లాగింది. వెనక్కి చూడలేదు. నాలుగో రోజు పదిమంది. పెద్ద పటేలు సొంత తమ్ముడు కూడా పోయాడు.

మూడోసారి లాగింది. ఈసారి ఓదెవ్వకు కడుపు మండింది. "వెంట వచ్చేదేందో నా కళ్లతో చూస్త" అని గిర్రున వెనక్కి తిరిగింది.

ఏం చూసిందంటారు?

బండి మీది పసుపు నీళ్లలో కరుగుతోంది. వాగులో సన్నగా పచ్చటి గీత. ఓదెవ్వ ఊరి వైపు నడిచింది. పసుపూ నడిచింది. ఓదెవ్వ ఆగింది. పసుపు ఆగలేదు. అది నేరుగా పోయి చెలమలో దిగింది.

ఓదెవ్వ గుండె మీద చెయ్యేసుకుంది. "తల్లీ ఈదమ్మా! సాగనంపినం అనుకుని చేతులార పిలుచుకొస్తున్నమా!"

ఆమె ఊళ్లోకి వచ్చేసరికి పెద్ద పటేలు కొరివి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకాల జనం. ఏడ్చి ఏడ్చి అందరి కళ్లూ ఎర్రబడ్డాయి.

"బోడు మీద ఒక్కరూ చావలేదు. మన ఇండ్లల్ల పాడెలు లేస్తుంటే వాళ్లు బుట్టలు అల్లుకుంటున్నరు. చేతబడి కాకపోతే ఏంది? గుడిసెలు తగలబెడదాం పదండి!" అన్నాడు పటేలు.

ఓదెవ్వ దారికడ్డంగా నిలబడింది. ఎప్పుడూ "నీ బాంచెన్ పటేలా" అనే మనిషి ఆ రోజు బాంచెన్ అనలేదు.

"పటేలా, శివయ్యకు వాహనమేంది?"

"నంది. ఇప్పుడెందుకే?"

"వినాయకునికి?"

"ఎలుక. నీకు మతి పోయిందా ముసల్దానా?"

"దేవుళ్లందరికీ వాహనముంటే, గత్తర మాత్రం నడిచొస్తదా? మూడు మాటలడుగుత, చెప్పు. గత్తరకు పుట్టిల్లేది? వాహనమేది? అత్తిల్లేది?"

జనం చెవులొగ్గి ముందుకు జరిగారు.

"నేనే చెప్త. పుట్టిల్లు మనం వాగుల పారేసిన మైలబట్ట. వాహనం చెలమ నీళ్లు. అత్తిల్లు మన కడుపు. బోడు మీదోళ్లకు ఎందుకు రాలేదంటే, ఆ వాహనాన్ని మీరే వాళ్ల గడప తొక్కనియ్యలేదు. చెలమ ముట్టొద్దని కొట్టి తరిమితిరి. అదే వాళ్ల పాలిట దేవుని దయ అయింది!"

"నోరు ముయ్! బట్టలుతికే దానివి నువ్వా మాకు చెప్పేది?"

"బట్టలుతికే దాన్ని గనుకనే చెప్తున్న. ఏ ఇంట్ల ఎవరు ఎప్పుడు పడ్డరో నీకు తెల్వదు. నాకు తెలుసు. మీ మైల నా చేతి మీదికే వస్తది."

అని ఊరుకుందా? ఊరుకుంటే ఆమె ఓదెవ్వ ఎట్లా అవుతుంది! వాగులోకి దిగింది. ఒక చెలమ పూడ్చింది. రెండో చెలమ పూడ్చింది. మూడో చెలమ మీద కాలు పెట్టి నిలబడింది. ఆడవాళ్లు కేకలేశారు. ఎవరో రాయి విసిరారు. నుదురు చిట్లింది. కాలు తియ్యలేదు.

"ఏం తాగి బతకాలె?" అని అరిచాడు పటేలు.

"బోడు మీది బుగ్గ నీళ్లు. అవీ కాచి తాగాలె. కోడి గుడ్డును పొదిగినట్టు గత్తర కడుపుల పొదుగుతది. ఒకరోజు, రెండ్రోజులు, మూడ్రోజులు. ఇప్పటికే మింగినోళ్లు ఈ మూడ్రోజుల్ల పడతరు. నాలుగో పొద్దు దాటినంక ఎవరన్న కొత్తగ పడితే ఆ గుడిసెలు కాల్చు. నా గుడిసె కూడ కాల్చు, నేను లోపల కూసుంట."

బోడు మీది నీళ్లు తాగడమా! ఎవరూ కదల్లేదు. అప్పుడు పటేలు తల్లి అచ్చమ్మ దొరసాని కడవ చంకన పెట్టుకుని బయటికొచ్చింది. "ఒక కొడుకును కాటికి పంపిన. ఇంకొకణ్ని పంపుకోలేను" అని బోడెక్కింది. గుడిసెలోంచి సుంకమ్మ అనే ఆమె వచ్చి, "అవ్వా, ఆడ జారుతది, కడవ నేను ముంచిస్త" అంది. దొరసాని వెనకే ఊరు కదిలింది.

మూడు రోజులు ఊరు నీళ్లు కాచుకుంది. మూడు రోజులు ఓదెవ్వ తూర్పు పొలిమేరలో ఇసుక తవ్వింది. కుళ్లిన బట్టను ప్రతి పేలికా ఏరి బానకు మోసింది. చౌడు అయిపోయింది. ఎండ మండిపోతోంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మూతి మీది చెమటను కడగని చేత్తో తుడుచుకుంది.

ఆ మూడు రోజుల్లో నలుగురు పడ్డారు. నాలుగో పొద్దున ఎవరూ పడలేదు. ఐదో పొద్దున ఒక్కరు పడ్డారు.

ఎవరో మీకు తెలిసిపోయింది. అదిగో, "ఊ" అనడం కూడా మర్చిపోయారు.

పటేలు కొరివితో వచ్చాడు. "మాట తప్పింది ఓదెవ్వా. గుడిసెలు కాలాల్సిందే."

ఓదెవ్వ కళ్లు లోపలికి పోయాయి. గొంతు మాత్రం పోలేదు. "అడుగు పటేలా. కాల్చేముందు ఆ మూడు మాటలడుగు."

అచ్చమ్మ దొరసాని ఆమె పక్కన కూర్చుని అడిగింది. "పుట్టిల్లేదే ఓదీ?"

"ఇసుకల తవ్విన మైలబట్ట."

"వాహనమేది?"

"ఈ చెయ్యి. కడగని నా చెయ్యి."

"అత్తిల్లేది?"

"నా కడుపు." ఓదెవ్వ పటేలు వైపు తిరిగింది. "ఈ మూడిట్ల బోడు మీది గుడిసె ఏడుందో చూపియ్యి పటేలా. చూపిచ్చి కాల్చు."

పటేలు బోడు వైపు చూశాడు. ఊరి వైపు చూశాడు. చేతిలోని కొరివి వైపు చూశాడు. ఊళ్లో ఏ ఇంట్లోనూ ఏడుపు లేదు.

"నిప్పు వృథా చెయ్యకు. నా బాన కింద పెట్టు. నేను పోయినంక నా చీర కూడ ఉడకాలె. నా ఎనక ఒక్కరు కూడ పడొద్దు" అంది ఓదెవ్వ.

పొద్దు గుంకక ముందే ఓదెవ్వ ఈదమ్మ తల్లి ఒడికి చేరింది. పటేలు ఆ కొరివిని తన చేత్తో బాన కింద పెట్టాడు. సుంకమ్మ కట్టెలు ఎగదోసింది. ఓదెవ్వ వెనకాల ఒక్కరు కూడా పడలేదు.

ఒర్రెగడ్డలో ఇప్పటికీ బండి లాగుతారు. పసుపు కుంకుమలు చల్లుతారు. తల్లి పూజ తల్లిదే, అందులో లోపం రానివ్వరు. కానీ బండి తూర్పుకు పోదు, బాన దగ్గరికి పోతుంది. బండి లాగినవాళ్లు తప్పకుండా వెనక్కి తిరిగి చూస్తారు. చూసి, చేతులు కడుక్కుని, అప్పుడే ఇంటికి పోతారు.

జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా, పేరు తెలియని కొత్త రోగమొచ్చినా ముసలమ్మలు ముందు మూడు మాటలడుగుతారు. పుట్టిల్లేది? వాహనమేది? అత్తిల్లేది?

ఇవేవీ అడగకుండా ఎవడైనా పక్కవాడి మీద వేలు చూపాడనుకోండి, పసిపిల్ల కూడా వాడి మొహం మీదే అనేస్తుంది: "ఆ కొరివి తీసుకుపోయి ఓదెవ్వ బాన కింద పెట్టు!"

మూడో దండం ఆమెకే. పెట్టండి.