పాత డిస్కు తీశాక

ఇల్యాస్‌కి ఆదోని వెళ్లాలని ఉంది. హజ్రత్ వెళ్లమనడం లేదు.

కర్నూలు పాతబస్తీలో ఒక చిన్న ఖాన్‌ఖా ఉంది. సూఫీ గురువు తన శిష్యులతో కలిసి ఉండే ఇల్లు అది. అక్కడి గురువు హజ్రత్ సిబ్గతుల్లా షా. గురువారం సాయంత్రాలు ఆయన వచ్చినవాళ్లతో కాసేపు మాట్లాడతారు. ఆ మాటల్ని రికార్డు చేసి, కంప్యూటర్లో శుభ్రం చేసి, మంచం దిగలేని వాళ్లకూ దూరాన ఉన్నవాళ్లకూ ఫోన్లో పంపడం ఇల్యాస్ పని. ఇక్కడికి రాకముందు అతను హైదరాబాదులో ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాడు.

ఏళ్ల తరబడి అవే మాటలు వింటూ, దిద్దుతూ ఉండటంతో హజ్రత్ ఎప్పుడు ఏమన్నారో ఇల్యాస్‌కి నోటికి వచ్చేసింది. ఎవరేమడిగినా సరిపోయే మాట తడుముకోకుండా తీసి చెప్పేవాడు. ఆదోనిలోనూ గురువారాలు కొందరు కూడుతున్నారు. వాళ్ల మధ్య కూర్చుని మాట్లాడటానికి ఒక మనిషి కావాలి. ఇల్యాస్‌ని పంపమని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. హజ్రత్ "చూద్దాం" అంటూనే ఉన్నారు.

ఒక గురువారం ఉదయం ఆదోని పెద్దమనిషి దస్తగిరి సాహెబ్ స్వయంగా వచ్చాడు. వెంట మేనకోడలు ఖైరున్‌ని తీసుకొచ్చాడు. ఖాన్‌ఖా కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని ఎవరో చెబితే, దానికోసం కొత్త ఎస్‌ఎస్‌డి కూడా కొనుక్కొచ్చాడు. అరచేతిలో పట్టే పలచటి డిస్కు.

హజ్రత్ లోపల ఎవరితోనో మాట్లాడుతున్నారు. వరండాలో కూర్చున్న ఇల్యాస్ దగ్గరికి ఖైరున్ వచ్చింది.

"అన్నా, ఒక మాట అడగాలి. మా అత్త పోయి ఏడాది దాటింది. బతికున్నన్నాళ్లూ నన్ను మాటలతో కాల్చింది. చివరికి మంచాన పడితే నేనే సేవ చేశాను. ఆమె పోయింది గానీ, నా కోపం పోలేదు. నమాజుకి నిలబడితే ఆ మాటలే చెవిలో పడతాయి. నేనేం చేయాలి?"

ఇల్యాస్ ఆలోచించలేదు. "హజ్రత్ ఒకసారి అన్నారమ్మా, పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవడమంటే ఖాళీ ఇంటి తలుపు కొట్టడమేనని."

"ఆ మాట నా ఫోన్లో ఉంది. చాలాసార్లు పెట్టుకుని విన్నాను."

"ఇంకోసారి హజ్రత్ ఏమన్నారంటే..."

"అదీ విన్నాను అన్నా." ఆమె గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. "మీరేమంటారో చెప్పండి."

ఇల్యాస్ మూడో మాట వెతుక్కుంటుండగా హజ్రత్ బయటికి వచ్చారు. ఎంతవరకు విన్నారో తెలియదు. ఖైరున్‌ని లోపలికి వెళ్లి ఏదైనా తినమన్నారు. దస్తగిరి సాహెబ్ చేతిలోని డబ్బా చూసి, "ఇదేమిటి?" అని అడిగారు.

ఇల్యాస్ ముఖం వెలిగింది. ఈ ప్రశ్నకు జవాబు అతనికి బాగా తెలుసు.

"కంప్యూటర్‌కి కొత్త డిస్కు, హజ్రత్. పాతది తిరగడానికే ఆపసోపాలు పడుతోంది, ఏ రోజు ఆగిపోతుందో చెప్పలేం. ఆపరేటింగ్ సిస్టమ్, మీ ప్రసంగాలు, అన్నీ ఇందులోకి మార్చేస్తాను. సాయంత్రం మీరు మాట్లాడే వేళకి సిద్ధంగా ఉంటుంది."

"మార్చు," అన్నారు హజ్రత్.

అతను కంప్యూటర్ పెట్టె విప్పి, పాత డిస్కు పక్కనే కొత్తదాన్ని బిగించాడు. సిస్టమ్‌నీ, ప్రసంగాలనూ కొత్త డిస్కులోకి కాపీ పెట్టాడు. దస్తగిరి సాహెబ్ కుర్చీ లాక్కుని చూస్తూ కూర్చున్నాడు. ఏది ఎందుకు చేస్తున్నాడో ఇల్యాస్ ఆయనకు చెబుతూ చేశాడు. చేతులు ఎక్కడా తడబడలేదు. మధ్యాహ్నం నమాజు ముగించి వచ్చేసరికి కాపీ పూర్తయింది. కొత్త డిస్కు మీది సిస్టమ్‌ని ఎంచుకుని మళ్లీ ఆన్ చేశాడు. ఇదివరకు టీ తాగి వచ్చినా తెరుచుకోని తెర, దస్తగిరి సాహెబ్ కళ్లజోడు సర్దుకునేలోపు తెరుచుకుంది.

"భలే," అన్నాడాయన. "ఆదోనికి ఇలాంటి మనిషే కావాలి."

ఇల్యాస్ వెళ్లి హజ్రత్‌ని పిలుచుకొచ్చాడు.

"అంతా వచ్చిందా?" అని అడిగారు హజ్రత్.

"ఒక్క అక్షరం పోలేదు. మీరన్న ప్రతి మాటా కొత్తదాంట్లో ఉంది."

హజ్రత్ వంగి తెరిచి ఉన్న పెట్టెలోకి చూశారు. "మరి పాతది ఇంకా లోపలే ఉందే?"

"ఉండనివ్వండి హజ్రత్. దానివల్ల ఇబ్బందేమీ లేదు."

"మిషను ఆపు."

ఇల్యాస్ ఆపాడు. హజ్రత్ చొక్కా చేతులు పైకి మడుచుకుని, పాత డిస్కుకి తగిలించిన తీగ ఏదో అడిగి తెలుసుకుని, తన చేత్తోనే దాన్ని ఊడదీశారు.

"ఇప్పుడు పెట్టు."

ఇల్యాస్ బటన్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉండిపోయింది. కాసేపటికి దానిమీద ఒక్క తెల్లటి వాక్యం వచ్చింది. సిస్టమ్‌ని మొదలుపెట్టడానికి తగిన డిస్కు ఏదీ లేదని దాని అర్థం. మళ్లీ ఆపి, మళ్లీ నొక్కాడు. అదే వాక్యం.

దస్తగిరి సాహెబ్ తల పక్కకు తిప్పుకున్నాడు. ఇల్యాస్ చెవులు వేడెక్కాయి.

తప్పెక్కడుందో అతనికి వెంటనే తెలిసింది. అందుకే సిగ్గు ఇంకా ఎక్కువైంది.

"మిషన్‌ని నిద్రలేపే ఒక ముక్క ఉంటుంది హజ్రత్," అన్నాడు నెమ్మదిగా. "అది పాత డిస్కులోనే ఉండిపోయింది. ఇందాక ఆన్ చేసినప్పుడు మిషను ముందు పాతదాని దగ్గరికి వెళ్లి, అక్కడ అడిగి, తర్వాత కొత్తదాంట్లోకి వచ్చింది. అంత వేగంగా జరిగేసరికి నేను గమనించలేదు."

"ఆ ముక్క చాలా పెద్దదా?"

"లేదు. మీ ఒక్క గురువారం ప్రసంగమంత కూడా ఉండదు."

"అయితే దాన్నీ కాపీ చెయ్."

"ఉన్నదున్నట్టు కాపీ చేస్తే సరిపోదు హజ్రత్. అందులో పాత డిస్కు గుర్తులుంటాయి. దీని గుర్తులతో దీనికి కొత్తగా..."

అక్కడ ఆగిపోయాడు.

హజ్రత్ పాత డిస్కుని పెట్టెలోంచి బయటికి తీయించి, చేతిలో పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయారు.

ఇల్యాస్ కాసేపు ఆ తెర ముందు కూర్చున్నాడు. తర్వాత లేచి, తన సంచిలోంచి పెన్‌డ్రైవ్ తెచ్చాడు. దానితో మిషన్‌ని లేపి, కొత్త డిస్కులో ఒక మూల కాస్త చోటు చేసి, దాన్ని మొదలుపెట్టే ముక్కను అక్కడే రాయించాడు. ఈసారి దస్తగిరి సాహెబ్‌కి ఏమీ వివరించలేదు. పెన్‌డ్రైవ్ కూడా తీసేసి బటన్ నొక్కాడు. తెర తెరుచుకుంది. హజ్రత్ గొంతుతో ఒక పాత ప్రసంగం పెట్టి విన్నాడు. బాగానే ఉంది. ఆపేశాడు.

వరండాలో ఖైరున్ తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుంటోంది. ఇల్యాస్ వెళ్లి ఆమెకు ఎదురుగా కింద కూర్చున్నాడు.

"మీ అత్త ఏమనేదమ్మా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. ఆ మాటలు ఏమిటని ఇన్నాళ్లలో ఎవరూ అడిగినట్టు లేదు. ముందు ఒకటి చెప్పింది. తర్వాత ఇంకొకటి. పిల్లలు లేరని అన్నవి, వంట మీద అన్నవి, మంచాన పడ్డాక కూడా అన్నవి. చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇల్యాస్ మధ్యలో ఏ మాటా అందించలేదు. అందించడానికి వచ్చిన మాటలన్నీ హజ్రత్‌వే. వాటిని లోపలే ఆపుకున్నాడు.

ఆమె చెప్పడం అయిపోయింది.

"మా నాన్న పోయాక నాకూ ఇలాగే ఉండింది," అన్నాడు ఇల్యాస్. మాట కొత్తగా నడక నేర్చినట్టు వచ్చింది. "కోపం పోయాక నిలబడదామని చూడలేదు. కోపంతోనే నిలబడ్డాను, కోపంతోనే నుదురు నేలకు ఆన్చాను. అలా చేస్తూ ఉంటే ఒకరోజు నమాజు అయ్యాక తట్టింది, ఆ పూట ఆయన మాటలు వినపడలేదని. మర్నాడు మళ్లీ వినపడ్డాయి. ఇప్పటికీ ఎప్పుడైనా వినపడతాయి. ఇంతకంటే నాకు తెలియదమ్మా."

ఖైరున్ తల ఊపింది. "అయితే ఇలాగే నిలబడొచ్చా?"

"నిలబడొచ్చు."

ఆమె సంచి పక్కన పెట్టి, నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవడానికి కొళాయి దగ్గరికి వెళ్లింది.

ఇల్యాస్ తలెత్తేసరికి గుమ్మంలో హజ్రత్ నిలబడి ఉన్నారు. ఆయన దస్తగిరి సాహెబ్ వైపు తిరిగి, "ఈ సాయంత్రం ఇక్కడే ఉండి, రేపు వీణ్ణి కూడా మీతో తీసుకెళ్లండి," అన్నారు.

ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అది. ఇల్యాస్ లేచి నిలబడ్డాడు. సంతోషం ఉంది, దాని వెనకే ఇదివరకెన్నడూ లేని ఒక బెరుకూ ఉంది.

"హజ్రత్, అక్కడ ఎవరైనా నాకు తెలియనిది అడిగితే?"

"తెలియదని చెప్పు," అన్నారు హజ్రత్. "హజ్రత్‌కి తెలుసని మాత్రం చెప్పకు."