కావిగుడ్డ ఆరేలోపు

సన్యాసం ఇప్పించమని ఒకాయన గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. సంసారం మీద విరక్తి పుట్టి కాదు, ఉద్యోగం మీద పుట్టి. నవ్వకండి తల్లీ, ఆయన బాధ వింటే మీకే జాలేస్తుంది.

ఆయన పేరు శేషఫణి. బెజవాడ పక్కన ఒక పెద్ద హాస్టలు కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. తెల్లారకముందే పిల్లల్ని లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టాలి. పగలంతా క్లాసులు, సాయంత్రం డౌట్లు, భోజనాలయ్యాక మళ్ళీ స్టడీ అవరు. ఆదివారం వస్తే పరీక్ష, ఆ పేపర్లు దిద్దడం. ర్యాంకు తగ్గిందని తండ్రుల ఫోన్లు, ఎందుకు తగ్గిందని ప్రిన్సిపాలు ఫోను.

మొదట్లో ఆయనకి పాఠమంటే ప్రాణం. ఈమధ్య ఒకరోజు బోర్డు మీద వాలుబల్ల బొమ్మ గీసి, దాని మీద ఒక దిమ్మ గీసి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎందుకు గీశాడో గుర్తు రాలేదు. ముందు బెంచీలో అమ్మాయి మెల్లిగా, ఇది నిన్ననే చెప్పారు సార్ అంది.

ఇంకో ఉద్యోగం వెతక్కపోలేదు. చూసినవన్నీ ఇలాంటి కాలేజీలే. తిరువూరు దగ్గర చిన్న బడి నడిపే స్నేహితుడు రమ్మని కబురు పెడితే, తీరిగ్గా మాట్లాడదామని ఆగాడు. ఆ తీరికే దొరకలేదు.

ఇవన్నీ ఓర్చుకున్నాడు. ఇంట్లో జరిగిందే ఓర్చుకోలేకపోయాడు. ఒకపూట అన్నం తింటుంటే కూతురు, ఒకటో తరగతి పిల్ల, ఎదురుగా కూర్చుని వేలెత్తింది. ఏంటమ్మా అన్నాడు.

"మాట్లాడొచ్చా నాన్నా?" అంది.

మర్నాడే సెలవు పెట్టి, తాతస్వామిని చూసొస్తానని భార్య వకుళకి చెప్పి బస్సెక్కాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

తాతస్వామి ఆశ్రమం జువ్వికొండ దిగువన. నాలుగు పెంకుటి గదులు, ఒక ఆవు, దాని దూడ, వంటకి కోటమ్మగారు. అంతే వైభవం. శేషఫణికి పెళ్ళికాకముందు మంత్రం ఇచ్చిన గురువు ఆయన. శిష్యుడు వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నారు. శేషఫణి కాళ్ళకి మొక్కి, మొత్తం చెప్పుకున్నాడు. తను ఇంట్లో ఉన్నా లేనట్టే అన్నాడు. వకుళకి ఉద్యోగం ఉంది, పిల్లకి అమ్మ ఉంది, తనకే ఏమీ మిగల్లేదు, కాషాయం ఇప్పించండి అన్నాడు.

స్వామి కాయలు ఒలవడం ఆపలేదు.

"వకుళకి తెలుసా నాయనా?"

"మీరు సరేనంటే చెబుతాను స్వామీ."

"ఓహో, గుండు కొట్టించుకున్నాక చెబుతావా," అంది లోపల్నుంచి కోటమ్మగారు. "గుమ్మంలో నిలబడితే భిక్షగాడనుకుని పిడికెడు బియ్యం పోస్తుంది, పట్టుకుపో."

స్వామి ఆవిణ్ణి వారించలేదు. శిష్యుణ్ణీ వద్దనలేదు. లోపలికి వెళ్ళి ఒక తెల్లటి పంచె, ఒక కావిరాయి తెచ్చి చేతిలో పెట్టారు.

ఆ ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. కాషాయం కావాలన్నవాడు తన గుడ్డకి తనే రంగు వేసుకోవాలి. కావిరాయి నూరి నీళ్ళలో కలిపి, పంచె ముంచి, పిండి, నేరేడుచెట్టు నీడన గడ్డి మీద పరవాలి. పూర్తిగా ఆరాక మళ్ళీ ముంచాలి. అలా మూడు మునకలు వేస్తేనే రంగు నిలుస్తుంది. ఆరేంతసేపూ ఆ మనిషే కాపలా ఉండాలి. గుడ్డ మీద దూడ కాలు పడకూడదు. జపం చెయ్యకూడదు, పుస్తకం పట్టకూడదు, ఫోను అసలే కూడదు. గుడ్డని చూస్తూ కూర్చోవాలి, అంతే పని.

శేషఫణి శ్రద్ధగా నూరాడు. మోచేతులదాకా ఎర్రబడ్డాడు. మొదటి మునక వేసి, గడ్డి మీద పరిచి, చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఎన్నాళ్ళయిందో చూడండి ఆయన చేతిలో ఏమీ లేకుండా కూర్చుని! గంట మోగదు. ఎవరూ సార్ అని పిలవరు. కొండ మీంచి పిల్లగాలి. పంచె అంచు లేస్తోంది, పడుతోంది. లేస్తోంది, పడుతోంది.

అంతవరకే ఆయనకి గుర్తు.

కళ్ళు తెరిచేసరికి పొద్దు వాలిపోయింది. గడ్డి మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. తలకింద ఎవరో మడిచిపెట్టిన గోనెసంచి. పక్కనే తాతస్వామి, చేతిలో వేపరెమ్మతో దూడని అదిలిస్తూ కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం నుంచీ ఆయనే కాపలా.

శేషఫణి కంగారుగా గుడ్డ కోసం చూశాడు. గడ్డి మీద లేదు. తన మీదే ఉంది. చలిగాలికి నిద్రలో తనే లాక్కుని గడ్డందాకా కప్పుకున్నాడు. చొక్కా అంతా కావిమరకలు. బుగ్గ మీద ఒకటి.

"అపచారం అయిపోయింది స్వామీ," అంటూ లేవబోయాడు. "కాషాయాన్ని దుప్పటి చేసుకున్నాను."

"చూశాను," అన్నారు స్వామి. "తీసేద్దామని కోటమ్మ వచ్చింది. నేనే వద్దన్నాను. బాగా వెచ్చగా ఉన్నట్టున్నావు."

శేషఫణి గుడ్డ పక్కకి తీసి లేచి కూర్చున్నాడు.

"పొద్దున ఏదో కావాలన్నావు. ఇప్పుడు అడుగు."

ఆయన చాలాసేపు వెతుక్కున్నాడు. చివరికి దొరికింది.

"ఆకలేస్తోంది స్వామీ."

వంటింట్లో కోటమ్మగారు అనపగింజల కూరతో అన్నం పెట్టింది. మూడోసారి వడ్డిస్తూ, సన్యాసులు ఇంత తినరు నాయనా అంది. తింటుంటేనే ఊళ్ళోంచి బండి మీద బియ్యం బస్తా వచ్చింది. ఆవిడ బండికి ఒక పలక వాల్చి, బస్తా దాని మీదుగా జార్చబోయింది. అది సగంలో ఆగిపోయింది. ఎడమ చేత్తో విస్తరి పట్టుకుని శేషఫణి లేచొచ్చాడు. పలక కింది కొస కొంచెం బండి దగ్గరికి జరపమన్నాడు, వాలు పెరిగితే బరువు ఎటు లాగుతుందో, రాపిడి ఎందుకు ఓడిపోతుందో మొదలుపెట్టాడు. ఎంగిలి చెయ్యి గాల్లో బొమ్మలు గీస్తోంది. బస్తా జారి కిందికి వచ్చేసినా ఆయన ఆపలేదు.

"అర్థమైందా?" అన్నాడు అలవాటుగా.

"అర్థమైంది గాని, చెయ్యి ఎండిపోతోంది, ముందు అన్నం తిను," అంది ఆవిడ. అరుగు మీద స్వామి అనపతొక్కలు ఏరి దూడకి వేస్తున్నారు. అటే వింటున్నారో లేదో తెలియలేదు.

చెయ్యి కడుక్కుని శేషఫణి ఫోను తీశాడు. తిరువూరు స్నేహితుడికి చేసి, ఓసారి వచ్చి బడి చూస్తానన్నాడు. ఒప్పుకుంటున్నానని అనలేదు, చూస్తానన్నాడు. తరవాత ఇంటికి చేశాడు. ఎత్తింది కూతురు. ఏం చెప్పాలో తోచక, నువ్వు చెప్పమ్మా, వింటాను అన్నాడు. ఆ పిల్ల బడి కబుర్లు మొదలుపెట్టింది. ఆఖరి బస్సు వేళయిందని కోటమ్మగారు కేకేసేదాకా చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు.

వెళ్ళేముందు పంచె మడిచి స్వామి ముందు పెట్టాడు. స్వామి దాన్ని తిరిగి ఆయన చేతికే ఇచ్చారు.

"నీ గుడ్డే, పట్టుకుపో. చలికాలం వస్తోంది."

గుమ్మం దాకా వెళ్ళి శేషఫణి ఆగాడు. అడగడానికి మొహమాటపడుతూనే, మరి సన్యాసం సంగతి ఏం చెయ్యమంటారని అడిగాడు.

తాతస్వామి ఆయన బుగ్గ మీది మరకని బొటనవేలితో తుడిచారు. అది పోలేదు.

"కంటినిండా నిద్రపోయి లేచిన ఏ పొద్దునైనా రా నాయనా. అప్పుడూ ఇదే అడిగితే, రెండో మునక నేను వేస్తాను."