ముద్రపడని పాట

ఒకానొక రాజ్యంలో పాటకు కూడా రాజముద్ర పడితేగాని గొంతు దాటడానికి వీల్లేదు. ఆ రాజ్యం పేరు కొండవేలు. దాన్నేలే ప్రతాపనాయకుడు మంచివాడే. కాకపోతే తాను లేచి కూర్చుంటేగాని పొద్దు పొడవదని ఆయన గట్టి నమ్మకం.

"నేను పోషిస్తేనే కదా కళ బతుకుతున్నది! కాబట్టి కళంతా నాదే" అని ఆయన సర్వకళాస్థానం అనే కొలువు పెట్టించాడు. నారసింహయాజి అనే పండితుణ్ణి దానికి అధ్యక్షుణ్ణి చేశాడు. పాటైనా, బొమ్మైనా, ఆటైనా యాజిగారు చూసి ముద్ర వేయాలి. ముద్ర పడ్డది ఆస్థానం సొత్తు, దాన్ని ఎవరు పాడుకున్నా సుంకం కట్టాలి. ముద్ర లేకుండా పాడితే దేశం విడిచిపోవాలి. పాడినవాడికీ, పాడించినవాడికీ ఒకటే శిక్ష అని శాసనం.

కొండ మీద ఆ కొలువుకు మండపం కట్టారు. దాని ముందు నిలపడానికి పన్నెండు మూరల రాతిబండ మీద 'సకల కళలకూ కర్త ప్రతాపనాయకుడు' అని చెక్కించారు. అరవైమంది మోకులు పట్టి దాన్ని పైకి లాగుతున్నారు. బండ లాగేటప్పుడు ఒకడు పాట అందుకోవాలి, తక్కినవాళ్లు 'ఐలెస్సా' అంటూ ఒక్క ఊపున లాగాలి. అలా పాట అందుకునేవాడు ఓబులేసు. బండ సగం కొండ ఎక్కిందో లేదో ఆ పాట యాజిగారి చెవిన పడింది.

"ముద్ర లేని పాట!" అని ఆయన గుండెలు బాదుకున్నాడు. భటులు ఓబులేసును చెరలో వేశారు. మర్నాడే దేశబహిష్కారమన్నారు.

ఆస్థానంలో పేరిశాస్త్రి అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడమే ఆయన ఉద్యోగం. మర్నాడు పొద్దున ఆయన కొలువుకు వస్తుంటే కోటవాకిలి దగ్గర ఓబులేసు పెళ్లాం సుంకులమ్మ కనిపించింది. కుండలూ బొంతలూ మూటగట్టి పక్కన పెట్టుకుంది.

"ఏమమ్మా, అప్పుడే మూట కట్టేశావా?" అన్నాడు శాస్త్రి.

"ఏం జేద్దుము సామీ? నోరు మూసుకోని బండ లాగమంటే మా ఇంటాయనకు శాతగాదు. యాడికి పొమ్మంటే ఆడికి పోతాం" అందామె.

శాస్త్రి నేరుగా రాజు ముందుకు వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఓబులేసును వెళ్లగొట్టవలసిందే. అయితే ఎల్లుండి మిట్టమధ్యాహ్నానికి శిల నిలపాలని ముహూర్తం ఉంది. యాజిగారే ఒక ముద్ర పాట కట్టి బండను ఎక్కిస్తే, వాడి పాట ఎందుకూ కొరగాదని లోకానికి తెలిసిపోతుంది. ఆ తర్వాత వాణ్ణి తరుముదాం."

యాజిగారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. రాజు సరేనన్నాడు.

ముహూర్తం నాడు పొద్దున్నే రాజు పరివారంతో కొండ దగ్గర దిగాడు. యాజిగారు గొడుగు కింద నిలబడి ముద్ర పాట ఎత్తుకున్నాడు. మొదటి సమాసమే మూరెడు పొడుగుంది. ముందువాళ్లు లాగితే వెనకవాళ్లు ఆగారు, వెనకవాళ్లు లాగేసరికి ముందువాళ్లకు ఆయాసం వచ్చింది. బండ పైకి పోకపోగా మూరెడు కిందికి జారింది.

"వీళ్లకు సాహిత్యం తెలియదు!" అన్నాడు యాజిగారు.

మోకు పట్టినవాడొకడు నొసలు తుడుచుకుని, "తెలీదు గాని సామీ, దీంట్లో ఊపిరి యాడ తీసుకోవల్ల?" అన్నాడు.

ఎండ ముదిరింది. గొడుగు కింద ఉన్నా రాజుకు చెమటలు పట్టాయి. ఓబులేసును పట్టుకురమ్మన్నాడు.

"మొన్నటి పాట పాడరా!"

"మొన్నటిది మొన్నటితోనే పాయె సామీ. ఈ పొద్దు బండను జూస్తే ఈ పొద్దుటి పాట వస్తాది."

వెంటనే పేరిశాస్త్రి అడ్డం వచ్చాడు. "తొందరపడకండి ప్రభూ! శాసనం శాసనమే. వాడు ముందు చరణం చెప్పాలి, లేఖకుడు రాయాలి, యాజిగారు దిద్దాలి, ముద్ర పడాలి. అప్పుడే పాడాలి."

ఓబులేసు ఒక చరణం చెప్పాడు. లేఖకుడు తాటాకు మీద రాశాడు. యాజిగారు చూసి, యతి తప్పిందని తిప్పికొట్టాడు. దిద్ది తెచ్చేసరికి ముద్ర వేసే లక్క గడ్డకట్టింది. లక్క కరిగించేసరికి పొద్దు నడినెత్తికి దగ్గరైంది. బండ జారకుండా మోకులు బిగబట్టి అరవైమంది అలాగే నిలబడ్డారు. వాళ్ల చేతుల నరాలు ఉబ్బాయి.

"ముద్రా వద్దు, గిద్రా వద్దు! ముందు పాడరా!" అని రాజు ఆకాశం అదిరేట్టు అరిచాడు.

ఓబులేసు అందుకున్నాడు:

"గొడుగు కింద రాజంట" — "ఐలెస్సా!"
"ఎండలోన మనమంట" — "ఐలెస్సా!"
"రాజుగారి బొజ్జకన్న" — "ఐలెస్సా!"
"బండే తేలికంట" — "ఐలెస్సా!"

నవ్వుతూ, అరుస్తూ లాగితే బండ చకచకా ఎక్కి మండపం ముందు నిలిచింది. పరివారం మాత్రం బిక్కచచ్చిపోయింది. రాజు తన బొజ్జకేసి ఒకసారి చూసుకున్నాడు.

"రాజధిక్కారం! పైగా ముద్ర లేని పాట! తరిమేయండి!" అన్నాడు యాజిగారు.

"తరమవలసిందే" అన్నాడు పేరిశాస్త్రి. "బండి కట్టించమంటారా ప్రభూ? రెండు కట్టించాలి. పాడినవాడికీ, పాడించినవాడికీ ఒకటే శిక్ష కదా. పాడమని అరిచిందెవరో కొండంతా విన్నది."

రాజు బొజ్జ కదిలేట్టు పకపకా నవ్వాడు. ఓబులేసును విడిచిపెట్టమన్నాడు. ముద్రల శాసనం ఆ క్షణమే రద్దన్నాడు. అయినా పట్టు వదల్లేదు.

"కానీ శాస్త్రీ, బండ నాది, కూలి నాది. నేను పని పెట్టకపోతే వాడి పాట ఎక్కడిది?"

"నిజమే ప్రభూ. బండ లేకపోతే ఆ పాట లేదు. బండ మీది, కూలి మీది. ఊపిరి మాత్రం వాళ్లది."

రాజు చేతి కంకణం తీసి శాస్త్రికి తొడిగాడు. "నువ్వే సర్వకళాస్థానానికి అధ్యక్షుడిగా ఉండు" అన్నాడు.

"ఆ కుర్చీ వద్దు ప్రభూ, కూర్చుంటే నాకూ ముద్రల పిచ్చి పడుతుంది. కంకణం మాత్రం ఉంచుకుంటాను. నాది మీ ఉప్పు తినే హాస్యం. మీరు నవ్వకపోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు. ఓబులేసు పాటకు ఆ బాధ లేదు. మీరు నవ్వినా, నవ్వకపోయినా బండ కదులుతుంది."

ఈ మాటకు నవ్వాలో వద్దో రాజుకు ఒక్క క్షణం తోచలేదు. తర్వాత ఆపుకోలేక నవ్వేసి, రెండో కంకణం కూడా తీసి ఆయన చేతిలో పెట్టాడు.